మూడు తొట్లలో కడిగినా ఈ-కోలి ఎందుకు పోలేదు?

ప్రశ్న: మేము రోజుకు సుమారు 200 కోళ్లు కోసి హోటళ్లకు వేస్తాము. ఇటీవల ఒక హోటల్ వారు మా మాంసాన్ని ల్యాబ్‌లో పరీక్ష చేయించగా ఈ-కోలి (పేగుల్లో ఉండే ఒక బ్యాక్టీరియా) పరిమితికి మించి ఉన్నట్లు తేలింది. ప్రతి కోడినీ మూడు తొట్లలో కడుగుతున్నాము. నీళ్లలో బ్లీచింగ్ పౌడర్ కలిపితే సరిపోతుందా?
- ఒక పాఠకుడు, తణుకు

జవాబు: మీరు బ్లీచింగ్ గురించి అడిగారు కానీ నా అనుమానమంతా ఆ మూడు తొట్ల మీదనే ఉంది. ఆరోగ్యంగా ఉన్న కోడి కండలో సూక్ష్మజీవులు దాదాపు ఉండవు; అవి ఉండేది పేగుల్లో, ఈకల్లో, కాళ్లకు అంటిన రెట్టలో. మాంసంలో ఈ-కోలి ఎక్కువగా కనబడిందంటే, కోత మొదలైనప్పటి నుంచి ప్యాకింగ్ వరకు ఎక్కడో ఒకచోట పేగులోని మలినం మాంసానికి తగిలిందన్నమాట. అలాంటి కోడిని తొట్టిలో ముంచినప్పుడు దాని మీది క్రిములు కొన్ని నీళ్లలోకి దిగి, ఆ తరువాత అదే నీళ్లలో మునిగే ప్రతి కోడికీ అంటుకుంటాయి. ఉదయం తొట్టి నింపగానే ఒక గాజు గ్లాసులోనూ, యాభై కోళ్లు కడిగాక మరొక గ్లాసులోనూ ఆ నీళ్లు పట్టి పక్కపక్కన పెట్టి చూడండి.

బ్లీచింగ్‌లోని క్లోరిన్ రక్తం, కొవ్వు తగలగానే వాటితోనే కలిసి ఖర్చయిపోతుంది, క్రిముల దాకా మిగిలేది తక్కువ. అమెరికాలో కోళ్లను చల్లబరిచే నీటిలో 50 పీపీఎం (పది లక్షల భాగాల నీటికి 50 భాగాలు) వరకు క్లోరిన్‌ను అనుమతిస్తారు, అయితే అక్కడి పెద్ద ప్లాంట్లు ఇప్పుడు ఎక్కువగా పెరాసెటిక్ ఆమ్లం అనే మరో క్రిమిసంహారిణి వైపు మళ్లాయి. ఐరోపా సమాఖ్య 1997 నుంచి క్లోరిన్‌తో కడిగిన కోడిమాంసాన్ని అనుమతించడం లేదు. చివర మందు నీళ్లతో కడగవచ్చునన్న ధీమా ఉంటే అంతకుముందు జరగవలసిన శుభ్రత సడలిపోతుందన్నది అక్కడి ప్రధాన వాదన, అందులో న్యాయముందనే నేను అనుకుంటాను. బజారులో దొరికే బ్లీచింగ్ పౌడర్‌ను మాంసం మీద వాడనే వద్దు. పని ముగిశాక తొట్లకూ నేలకూ కాలువలకూ పట్టిన కొవ్వును సబ్బునీళ్లతో రుద్ది వదిలించి, ఆ తరువాత బ్లీచింగ్ పౌడర్ వాడి, మళ్లీ మంచినీళ్లతో కడగండి.

అసలు మార్పు కోతకు ముందు రాత్రి మొదలు కావాలి. కోయడానికి 8 నుంచి 12 గంటల ముందు మేత తీసేసి, నీళ్లు మాత్రం ఉంచాలి. తెల్లవారుజామున నాలుగు గంటలకు కోసేవారు సాయంత్రం ఆరు గంటలకు మేత ఆపితే చాలు. మేతతో నిండిన పేగు కత్తి మొన తగిలితే చిట్లుతుంది. అలాగని మరీ ఎక్కువసేపు పస్తు పెడితే పేగు గోడ పలుచబడి చేతిలోనే తెగుతుంది. పేగులు తీసేటప్పుడు మలద్వారం చుట్టూ కత్తి లోతుగా దిగకుండా కోసి, మొత్తం ఒకేసారి బయటకు లాగాలి. పొరపాటున చిట్లితే నీళ్లు పోయకుండా ఆ భాగాన్ని కోసి పారవేయాలి, నీళ్లు పోస్తే మలినం మిగతా కోడంతా పరుచుకుంటుంది. కందనకాయలు చీల్చి శుభ్రం చేసే మనిషి, బల్ల, కత్తి వేరుగా ఉండాలి. మిగిలిన చోట్ల మనిషికి రెండు కత్తులు ఇచ్చి, ఒకటి వాడుతుండగా రెండవది 82 డిగ్రీల వేడినీళ్లలో ఉండేలా చూడండి. ఈకలు ఊడదీసే వేడినీళ్ల డ్రమ్మును కూడా రోజంతా అవే నీళ్లతో నడపకూడదు. ఆ నీళ్లు 52 డిగ్రీల దగ్గర ఉంటే సాల్మొనెల్లా (కోళ్ల పేగుల్లో ఉండే మరో హానికర బ్యాక్టీరియా) అంత త్వరగా చావదు.

చివరిది చల్లదనం. 37 డిగ్రీల దగ్గర ఈ-కోలి సుమారు 20 నిమిషాలకొకసారి రెట్టింపవుతుంది. ఆ వేగంతో నాలుగు గంటల్లో ఒకటి 4,096 అవుతుంది. కనుక కోసిన నాలుగు గంటల్లోపు మాంసం లోపలి వేడి 4 డిగ్రీలకు దిగాలి. శుభ్రమైన నీటితో చేసిన ఐసు వాడి, తాజా నీరు కోళ్లు కదిలే దిశకు ఎదురుగా పారేలా మూడు తొట్లను అమర్చుకుంటే, చివరి తొట్టిలో ఎప్పుడూ శుభ్రమైన నీరే ఉంటుంది. తొట్లు మార్చనక్కరలేదు, నీటి దారి మారిస్తే చాలు. మన ఆహార భద్రతా సంస్థ (ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ) 2011 లైసెన్సు నిబంధనల నాలుగో షెడ్యూలులో కబేళాలకూ మాంసం యూనిట్లకూ విడిగా భాగమున్నది, ఒకసారి చదువుకోండి. హైదరాబాదు శివారు చెంగిచెర్లలోని జాతీయ మాంస పరిశోధన సంస్థలో శిక్షణ కూడా ఇస్తారు.

ప్రశ్న: మటన్ ముక్కల కంటే కైమా త్వరగా పాడవుతుందని, ప్రమాదకరమని అంటారు. రెండూ ఒకే మేకవి కదా?
- ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: ముక్కకు క్రిములు పైభాగంలోనే ఉంటాయి, అవి బాణలిలో మొదటి నిమిషాల్లోనే చనిపోతాయి. కైమా కొట్టినప్పుడు ఆ పైభాగమంతా లోపలికి కలిసిపోతుంది. మిషను పళ్లలో ఇరుక్కున్న నిన్నటి మాంసం కూడా తోడవుతుంది. 1993లో అమెరికాలో సరిగా ఉడకని హాంబర్గర్లు తిని 700 మందికి పైగా జబ్బుపడగా నలుగురు పిల్లలు మరణించారు. ఆ కైమాలో ఉన్నది ఓ157 రకం ఈ-కోలి. అక్కడి మాంస పరిశ్రమకు 1996లో కొత్త భద్రతా నిబంధనలు రావడానికి ఆ దుర్ఘటన ముఖ్య కారణం. కైమాను మీ ఎదుటే, కడిగిన మిషనులో కొట్టించుకుని, అదే రోజు వండండి. ముద్ద మధ్యలో కూడా 71 డిగ్రీలు దాటాలి.

ప్రశ్న: చికెన్‌ను ఉప్పు, పసుపు వేసి నాలుగైదుసార్లు కడుగుతాను. అది తప్పా?
- ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: నీచువాసన తగ్గుతుంది కానీ క్రిములను ఆ కడుగుడు పోగొట్టదు. కొళాయి ధార కింద కడిగితే తుంపరలు సింకు చుట్టూ, పక్కన ఆరబెట్టిన కంచాల మీదా పడతాయి. కడగకుండా ఉండలేకపోతే, గిన్నెలో నీళ్లు పోసి నెమ్మదిగా ఒకసారి కడిగి, నీళ్లను చిందకుండా వంచి, సింకునూ చేతులనూ సబ్బుతో తోమండి. సలాడ్ కోసే కత్తిని ఆ దరిదాపుల్లో ఉంచవద్దు.