సైకిల్ సందేహాలు: గ్రావెల్ మిట్టకి ఏ గేరు?

ఈ నెల ఉత్తరాల్లో సగానికి పైగా ఘాట్ రోడ్ల గురించే. చలి మొదలయ్యేసరికి మన వైపు సైకిలు వాళ్లకి వెలిగొండలూ నల్లమలా గుర్తొస్తాయి. ఒంగోలు కర్నూలు రోడ్డులో మా షెడ్డు గోడకి ఒక మార్కాపురం పలక వేలాడుతూ ఉంటుంది. గేర్ల లెక్కలన్నీ దాని మీదే వేస్తాను. ఈసారి జవాబులు కూడా ఆ పలక మీద నుంచే రాస్తున్నాను.

ప్రశ్న: సార్, నాది గ్రావెల్ సైకిలు. గేర్లు షిమానో కంపెనీ సోరా రకం, వెనుక 9. ముందు రెండు చక్రాలకి 50, 34 పళ్లు, వెనుక 11 నుంచి 28 పళ్ల దాకా. టైర్లు 40 మి.మీ. రాపూరు-చిట్వేలి ఘాట్ రోడ్డు తారు మీద ఎలాగో ఎక్కేస్తున్నాను. పక్కనున్న ఎర్ర గ్రావెల్ మిట్టల మీదికి తిప్పితే మాత్రం సగంలోనే ఆగిపోతున్నాను. నిలబడి తొక్కితే వెనుక చక్రం జారుతుంది, కూర్చుంటే పెడలు తిరగదు. కాళ్ల బలం పెంచుకోవాలా, గేరు మార్చాలా?
(ఒక పాఠకుడు, రాపూరు)

జవాబు: గేరు మార్చండి. మీ కాళ్లలో లోపం లేదు, లెక్కలో ఉంది.

అందరూ ముందు పళ్లు చూస్తారు. 34 అంటే చిన్నదే కదా, 28 అంటే పెద్దదే కదా అనుకుంటారు. నేను అటు నుంచి రాను. మీరు ఆ మిట్ట ఎంత వేగంతో ఎక్కగలరో ముందు తేల్చుకుని, అక్కణ్ణుంచి పళ్ల దగ్గరికి వస్తాను. పద్ధతి చెప్తాను, పలకో కాగితమో తీసుకోండి.

ఫోనులో ఎత్తు చూపించే యాప్ ఒకటి పెట్టుకుని ఘాట్ రోడ్డు మీద అరగంట ఆగకుండా తొక్కండి. పక్కవాడితో మాట్లాడగలిగేంత ఊపిరితోనే తొక్కాలి, పందెం వేసుకున్నట్టు కాదు. ఎక్కిన ఎత్తుని 30తో భాగిస్తే నిమిషానికి ఎన్ని మీటర్లు పైకి వెళ్తున్నారో వస్తుంది. రోజూ తొక్కే అలవాటున్న మామూలు మనిషికి, సైకిలూ సామానూ కలిపి 95 కిలోల బరువుంటే, తారు మీద 9 మీటర్ల దగ్గర తేలుతుంది. గ్రావెల్‌లో చక్రం కాస్త దిగబడుతుంది, రాయి రాయికీ ఎగిరి పడుతుంది, అక్కడ కొంత బలం పోతుంది. కాబట్టి 8 అనుకుందాం.

వాలు 10 శాతం అంటే 100 మీటర్లు ముందుకి పోతే 10 మీటర్లు పైకి లేవడం. నిమిషానికి 8 మీటర్లు లేవగలిగిన మనిషి ఆ వాలు మీద నిమిషానికి 80 మీటర్ల దారి పోతాడు. గంటకి 5 కిలోమీటర్లు కూడా కాదు, నడక వేగం. అదే నిజం. కూర్చుని ప్రశాంతంగా తొక్కాలంటే పెడలు నిమిషానికి 60 చుట్లైనా తిరగాలి. 80ని 60తో భాగిస్తే చుట్టుకి 1.33 మీటర్లు. మీ చక్రం ఒక్క చుట్టుకి సుమారు 2.2 మీటర్లు పోతుంది. 1.33ని 2.2తో భాగిస్తే 0.6. అంటే పెడలు ఒక్క చుట్టుకి చక్రం 0.6 చుట్టే తిరగాలి, ముందు పళ్లని వెనుక పళ్లతో భాగిస్తే అంత రావాలి.

మీకున్నది ఎంత? 34ని 28తో భాగిస్తే 1.21. కావలసిన దానికి రెట్టింపు. పెడలు ఒక్క చుట్టుకి 2.67 మీటర్లు పోవాలి, అంటే 80 మీటర్ల వేగంలో నిమిషానికి 30 చుట్లు. రెండు సెకన్లకి ఒకటి! ఒక కాలు పైనా ఒక కాలు కిందా నిటారుగా ఉన్న క్షణంలో సైకిలు దాదాపు ఆగిపోతుంది. తర్వాతి తొక్కుకి మీరు బరువంతా వేస్తారు, ఆ ఒక్క దెబ్బకి చక్రం కింద గులకరాళ్లు కదిలి టైరు జారుతుంది. నిలబడితే ఇంకా ఘోరం, ఎందుకంటే మీ బరువు వెనుక చక్రం మీద నుంచి ముందుకి వచ్చేస్తుంది. తారు మీద టైరు పట్టు వదలదు కాబట్టే అక్కడ నెట్టుకొస్తున్నారు.

ఏం మార్చాలంటే, మొదట వెనుక భాగం. షిఫ్టరంటే చేతి దగ్గర గేరు మార్చే మీట, డీరైలరంటే చైనుని ఒక పళ్ల చక్రం మీద నుంచి ఇంకోదాని మీదికి జరిపే భాగం. 9 గేర్ల సోరా షిఫ్టరుతో 9 గేర్ల కొండ సైకిలు డీరైలర్ చక్కగా పని చేస్తుంది, రెండింటిలోనూ కేబుల్ లాగే కొలత ఒకటే. 10 గేర్లకి ఈ మాట చెల్లదు, జాగ్రత్త. షిమానోదే అలీవియో 9 గేర్ల పొడుగు కేజ్ (చైనుని బిగువుగా పట్టుకునే కింది చట్రం) డీరైలర్, 11-36 కాసెట్ (వెనుక పళ్ల గుత్తి), కొత్త చైను వేయించండి. 34ని 36తో భాగిస్తే 0.94, నిమిషానికి 38 చుట్లు. ఇంతవరకు వేయించుకుని ఒక నెల తొక్కి చూడండి. చాలామందికి అక్కడే సరిపోతుంది, ఎందుకంటే పది శాతం వాలు కిలోమీటర్ల కొద్దీ ఉండే దారులు తక్కువ.

సరిపోకపోతే ముందు 46-30 క్రాంక్, అంటే పెడళ్ల కడ్డీలూ ముందు పళ్ల చక్రాలూ కలిసిన భాగం. అప్పుడు 0.83, నిమిషానికి 44 చుట్లు. ఇక్కడ ఒక చిక్కుంది. షిమానో వాళ్ల గ్రావెల్ రకం జీఆర్‌ఎక్స్ 46-30 క్రాంక్‌లో పళ్ల చక్రాలు మామూలు రోడ్డు క్రాంక్ కన్నా 2.5 మి.మీ. బయటికి ఉంటాయి. దానికి ముందు డీరైలర్ కూడా ఆ రకానిదే కావాలి. క్రాంక్ ఒక్కటే కొనుక్కొచ్చి, చైను పెద్ద చక్రం మీదికి ఎక్కట్లేదని నా దగ్గరికి వచ్చినవాళ్లున్నారు. అంతకన్నా కిందికి దిగాలంటే షిఫ్టర్లతో సహా మారిపోతాయి, నేనైతే ఆ ఖర్చు వద్దంటాను. మిగిలిన నాలుగడుగులు దిగి తోసుకుపోండి.

చైను పొడవు విషయంలో మాత్రం ఎవరి మాటా నమ్మకండి, నా మాటతో సహా. మీ కళ్లతో చూసుకోండి. ఏడెనిమిదేళ్ల కిందట నా సైకిలుకి పెద్ద కాసెట్ వేయించాను. వేసినాయన పాత చైనునే ఉంచాడు, నేనూ పట్టించుకోలేదు. మీ రాపూరు ఘాట్‌లోనే, ఒక మలుపులో వేళ్లు తడబడి ముందూ పెద్దదీ, వెనుకా పెద్దదీ పడ్డాయి. చైను వీణ తీగలా బిగుసుకుంది. డీరైలర్ ముందుకి సాగిపోయి, టక్కుమని హ్యాంగర్ (డీరైలర్‌ని ఫ్రేముకి పట్టి ఉంచే ముక్క) విరిగింది. డీరైలర్ పోచల్లో ఇరుక్కోకుండా నిలిచింది, అదే అదృష్టం. సంచిలో చైను విప్పే పనిముట్టు ఉంది. డీరైలర్ ఊడదీసి, చైను కోసి, ముందు చిన్న చక్రానికీ వెనుక నడిమి పళ్లకీ సూటిగా కలిపి, ఒకే గేరుతో రాపూరు చేరేసరికి చీకటి పడింది. అరచేతుల గ్రీజు రెండు రోజులు పోలేదు.

అందుకని కొత్త చైను కోసేముందు డీరైలర్ గుండా పోనివ్వకుండా ముందు పెద్ద చక్రం మీదా వెనుక పెద్ద పళ్ల మీదా చుట్టి, రెండు కొసలూ కలిసే చోటు నుంచి రెండు లింకులు అదనంగా ఉంచి కోయమనండి. మీరు పక్కన నిలబడే కోయించండి. డీరైలర్ వెనుక చక్రం వైపు మరీ జరగకుండా ఆపే లిమిట్ స్క్రూ కూడా ఆ రోజే సరి చూసుకోండి. అది వదులైతే చైను 36 పళ్లు దాటి పోచల్లో పడుతుంది.

ప్రశ్న: అన్నా, వచ్చే వేసవి చివర్లో మేం నలుగురం హిమాచల్ ప్రదేశ్‌లోని స్పితి వెళ్లి కుంజుమ్ కనుమ సైకిళ్ల మీద ఎక్కాలనుకుంటున్నాం. నాది 26 అంగుళాల పాత గేర్ల సైకిలు, ముందు మూడు (42-34-24), వెనుక ఏడు (14-28). ఇది పనికిరాదు, లక్ష పెట్టి కొత్తది కొనమంటున్నారు మిగతా ముగ్గురు. టెన్షన్‌గా ఉంది.
(ఒక పాఠకుడు, కావలి)

జవాబు: కొనొద్దు తమ్ముడూ. మీ నలుగురిలో గేరు విషయంలో అందరికన్నా నయంగా ఉన్నది నీ సైకిలే కావచ్చు.

నీ చిన్న గేరు 24ని 28తో భాగిస్తే 0.86. వెనుక 14-34 ఫ్రీవీలు (చక్రం నడుమ మరతో బిగించే పళ్ల గుత్తి) వేయించు. ఏడు గేర్లదే, నీ షిఫ్టర్లకి సరిపోతుంది. డీరైలర్ 34 పళ్ల దాకా ఎక్కుతుందో లేదో మాత్రం చూపించుకో. అప్పుడు 0.7. నీ 26 అంగుళాల చక్రం చుట్టుకి 2.07 మీటర్లు కాబట్టి పెడలు చుట్టుకి 1.46 మీటర్లు. పైన వేసిన 80 మీటర్ల లెక్కకి నిమిషానికి 55 చుట్లు. ఇంతకన్నా ఏం కావాలి? ఆ రకం ఫ్రీవీలులో 24 పళ్ల నుంచి ఒక్కసారిగా 34కి దూకుతుంది. మొదటిసారి మెట్టు తప్పినట్టు అనిపిస్తుంది, రెండు రోజుల్లో అలవాటైపోతుంది.

కుంజుమ్ 4,500 మీటర్ల పైన ఉంది. అక్కడ గాలి ఒత్తిడి మన కావలి తీరంలో ఉన్నదాంట్లో 60 శాతం కన్నా తక్కువ. నిమిషానికి 8 మీటర్లు ఎక్కే మనిషి అక్కడ 6 ఎక్కితే గొప్ప. కాని బస్సులూ లారీలూ ఎక్కే కనుమ దారుల్లో వాలు సాధారణంగా పది శాతం కన్నా తక్కువే. 7 శాతం వాలు మీద 6 మీటర్లంటే నిమిషానికి దాదాపు 86 మీటర్లు. చూశావా, బలం తగ్గినా గేరు లెక్క దాదాపు అక్కడికే వచ్చింది. గేరు నిన్ను మోస్తుంది, ఊపిరి సంగతి మాత్రం గేరు చూడదు. స్పితిలోని కాజా ఊరి చుట్టుపక్కల మూడు నాలుగు రోజులు ఉండి ఒళ్లు అలవాటు పడ్డాకే కనుమ ఎక్కండి. తలనొప్పి, వాంతులు మొదలైతే కిందికి దిగిపోవాలి. కిలోమీటరు దూరంలో శిఖరం కనిపిస్తున్నా సరే.

నాకు నీ సైకిలులో భయం వేరే చోట ఉంది. ఫ్రీవీలు రకం సైకిల్లో చక్రం నడిమి హబ్‌లో కుడి వైపు బేరింగ్ ఫ్రీవీలుకి లోపలి పక్కన ఉంటుంది. దాని అవతల ఇరుసు ఊతం లేకుండా చాలా పొడుగ్గా మిగిలిపోతుంది. వెనుక పదిహేను కిలోల సామాను కట్టి రాళ్ల దారిలో తిరిగితే ఇరుసు వంగుతుంది, ఒక్కోసారి విరుగుతుంది. కొత్త ఇరుసు వేయించి, ఇంకొకటి కోన్లు, నట్లతో సహా సంచిలో పెట్టుకో. పాత ఫ్రీవీలు విప్పేటప్పుడు సుత్తితో కొట్టనివ్వకు. ఏళ్ల తరబడి తొక్కిన తొక్కుకి అది హబ్‌ని పట్టేసి ఉంటుంది. విప్పే పనిముట్టుని వైస్‌లో బిగించి, చక్రాన్ని దాని మీద బోర్లించి, టైరుని రెండు చేతులతో పట్టుకుని స్టీరింగ్‌లా ఎడమకి తిప్పాలి. ఒక్క చప్పుడు వస్తుంది, తర్వాత వేలితో ఊడొస్తుంది.

అభ్యాసానికి సామాను కట్టుకుని దోర్నాల-శ్రీశైలం ఘాట్ రెండు మూడుసార్లు ఎక్కి రండి. రాత్రిపూట అక్కడ గేటు మూసేస్తారు, పొద్దున్నే బయల్దేరి వెలుగుండగానే బయటపడాలి. అడవి లోపలి మట్టి దారులు ఊరిస్తాయి. అది నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం. అనుమతి లేకుండా తారు దిగొద్దు.

ప్రశ్న: ముందు ఒకే పళ్ల చక్రం ఉన్న సైకిలు కొండలకి మంచిదా, రెండున్నది మంచిదా? చిన్న గేరులో తొక్కితే కాళ్లకి బలం రాదంటున్నారు, నిజమేనా?
(ఒక పాఠకురాలు, నెల్లూరు)

జవాబు: ఒకటా రెండా అన్నది కాదమ్మా, భాగిస్తే ఎంతొస్తుందన్నదే చూడండి. ముందు 40, వెనుక పెద్దది 42 ఉంటే 0.95, పది శాతం వాలున్న పొడవాటి గ్రావెల్ మిట్టకి చాలదు. ముందు 32, వెనుక 51 ఉంటే 0.63, ఎక్కడికైనా పోవచ్చు. కొట్లో రంగు చూసేముందు ఈ రెండు అంకెలు అడగండి.

కాళ్ల బలం సంగతి. పెద్ద గేరులో బలవంతంగా తొక్కితే భారం పడేది మోకాలి మీద. మా షెడ్డుకి వచ్చి గేరు చిన్నది చేయించుకున్నవాళ్లు ఇంకా ఎక్కువ దూరాలు పోతున్నారు తప్ప బలహీనపడ్డవాళ్లని నేను చూడలేదు.

ప్రశ్న: సార్, నేను తొమ్మిదో తరగతి. మా తాతయ్య సైకిలు మీద బడికి వెళ్తాను. గేర్లు లేవు. దారిలో ఒక కంకర మిట్ట ఉంది, రోజూ దిగి తోయాల్సి వస్తుంది. దీనికి గేర్లు పెట్టొచ్చా?
(ఒక విద్యార్థి, ఉదయగిరి)

జవాబు: నాయనా, దిగి తోసినందుకు బాధపడకు. టూర్ డి ఫ్రాన్స్ అనే పెద్ద పందెంలో 1937 దాకా గేర్లు మార్చే డీరైలర్‌ని ఒప్పుకోలేదు. ఆ పందెగాళ్లు కొండ మొదట్లో ఆగి, వెనుక చక్రం ఊడదీసి, ఎక్కువ పళ్లున్న రెండో వైపుకి తిప్పి బిగించుకుని ఎక్కేవాళ్లు.

ఆ సైకిలుకి గేర్లు పెట్టించడం ఖర్చు, తాతయ్య సైకిలు పాడవుతుంది కూడా. నువ్వు ముందు పళ్లు, వెనుక పళ్లు లెక్కపెట్టు. మా నాన్న సైకిలుకి ముందు 44, వెనుక 18 ఉండేవి. నీదీ అలాంటిదే అయితే 18 తీయించి 22 పళ్ల ఫ్రీవీలు వేయించు. తొక్కడానికి పట్టే బలం ఐదో వంతుకి కాస్త తక్కువగా తగ్గుతుంది. చదును దారిలో గంటకి 19 కిలోమీటర్లు పోయేవాడివి అవే తొక్కులతో 16 పోతావు. బడికి ఐదు నిమిషాలు ముందు బయల్దేరితే చాలు. మిట్ట మొత్తం ఎక్కించేస్తుందని మాటివ్వను, తోసే దూరం మాత్రం తగ్గుతుంది.

నాలుగు పళ్లు పెరిగాయి కాబట్టి చైనుకి ఒక జత లింకులు కలపాలి, లేదంటే చక్రం అర అంగుళం ముందుకి జరపాలి. జరిపితే రాడ్ బ్రేకు కూడా సరిచేయమను. చైను డబ్బాకి పెద్ద ఫ్రీవీలు రాసుకుంటుందేమో చూడు. అంతా బిగించాక చైను మధ్యలో వేలితో నొక్కితే అర అంగుళం దిగాలి, అంతకన్నా బిగుతుగా ఉంటే ఇంకోసారి వదులు చేయించు.