పై పళ్ళు ఎనిమిదీ అరగదీయించే ముందు

తల్లీ,

నీ ఉత్తరమూ ఫోటోలూ అందాయి. పై వరుసలో ఎనిమిది పళ్ళకు వెనీర్లు, అంటే పంటి ముందు అతికించే పలచటి పొరలు, వేయించుకోమని క్లినిక్‌లో చెప్పారని రాశావు. వేయించుకుంటే నవ్వు బాగుంటుంది, అందులో నాకు అనుమానం లేదు. అది నీకు అవసరమా అన్నదే నా సందేహం.

ముందు ఒక పని చెయ్యి. నీ పళ్ళలో నీకు నచ్చనిది ఏమిటో కాగితం మీద రాయి. "పళ్ళు బాగాలేవు" అని రాస్తే దానికి ఏ డాక్టరూ వైద్యం చేయలేడు. "ముందు పళ్ళ మధ్య సందు ఉంది", "ఒక పన్ను అంచు విరిగింది", "రంగు పసుపుగా ఉంది" అని విడివిడిగా రాస్తే, ఒక్కోదానికి ఒక్కో చిన్న చికిత్స ఉంటుంది. ఏమీ రాయలేక, ఎవరో అన్న మాటే గుర్తుకొస్తుంటే కొన్నాళ్ళు ఆగు. పళ్ళు డాక్టరుగా పనిచేసిన రోజుల్లో, ఎంత చక్కగా చేసి పంపినా మళ్ళీ అద్దం పట్టుకుని వచ్చేవాళ్ళను చూశాను. వాళ్ళ బాధ నిజమైనదే, కాని దాని మూలం నోట్లో లేదు.

ఇక వెనీర్ల సంగతి. పింగాణీ పొర అతికించడానికి పంటి ముందు భాగాన్ని సాధారణంగా అర మిల్లీమీటరు దాకా అరగదీస్తారు. పోయేది ఎనామెల్, అంటే పంటి గట్టి పై పొర. గోరు కత్తిరిస్తే పెరుగుతుంది, ఎనామెల్ పెరగదు, ఎందుకంటే అందులో ప్రాణమున్న కణాలే ఉండవు. మంచి వెనీరు పది పదిహేనేళ్ళు మన్నుతుంది. నీకిప్పుడు 27. అంటే జీవితంలో ఇంకా మూడు నాలుగుసార్లు మార్పించుకోవలసి రావచ్చు, మార్చినప్పుడల్లా పన్ను మరికాస్త తగ్గవచ్చు. క్రౌను, అంటే పన్నంతటికీ వేసే తొడుగు, అయితే పన్నును చుట్టూ చెక్కేస్తారు, నష్టం ఇంకా ఎక్కువ. లోపలి నరం దెబ్బతింటే రూట్ కెనాల్ దాకా పోతుంది. కొన్నిచోట్ల వెనీరని చెప్పి క్రౌనుకు చెక్కినంత చెక్కేస్తారు. అందుకని ఏ పన్ను ఎంత అరగదీస్తారో ముందే అడిగి రాయించుకో.

1930ల్లో హాలీవుడ్‌లో చార్లెస్ పింకస్ అనే దంతవైద్యుడు నటుల పళ్ళకు తాత్కాలికంగా పొరలు అతికించేవాడు. చిత్రీకరణ అయ్యాక తీసేసేవారు. ఆ తీసేసే వెసులుబాటే ఇప్పుడు చాలామంది మరిచిపోతున్నారని నా ఫిర్యాదు.

నీ ఫోటోలు చూస్తే నాకు తోచిన వరుస వేరు. బ్రష్ చేస్తుంటే రక్తం వస్తోందని ఒక మూల చిన్న అక్షరాలతో రాశావు, నేను మొదట పట్టుకున్నది దాన్నే. చిగుళ్ళు వాచి ఉండగా పైపై అలంకారం ఏది చేసినా నిలవదు. గార తీయించి, చిగుళ్ళు కుదుటపడ్డాక మిగతావి ఆలోచించు. క్లీనింగ్ అయ్యాక రంగు కొంత తేలుతుంది, అప్పుడు నీకే "ఇది చాలు" అనిపించవచ్చు.

అప్పటికీ పసుపు కనిపిస్తే తెల్లబరచే చికిత్స ఉంది. పెరాక్సైడు జెల్ పెడతారు, పన్ను చెక్కరు. కొన్నాళ్ళు చల్లదనానికి జివ్వుమంటుంది, తరువాత తగ్గుతుంది. కాని పాత ఫిల్లింగుల రంగు మారదు. ఆశ కూడా కొంచెం అదుపులో పెట్టుకో, ఎందుకంటే ఎనామెల్ కింద ఉండే డెంటిన్ పసుపుదే, కోరపళ్ళు సాధారణంగా ముందు పళ్ళకన్నా కాస్త ముదురుగానే ఉంటాయి. ఇంట్లో బొగ్గుపొడి, నిమ్మరసం రుద్దడం వద్దు, ఎనామెల్ పాడవుతుంది.

విరిగిన అంచుకు కాంపోజిట్, అంటే పంటి రంగులో ఉండే ఫిల్లింగు పదార్థం, పెట్టించుకో. అయిదారేళ్ళలో మరకలు పట్టవచ్చు, చిట్లవచ్చు, కాని బాగుచేయించుకోవడం తేలిక, పంటిని దాదాపు తాకనక్కర్లేదు. తెల్లబరచడం ముందు, కాంపోజిట్ తరువాత, మధ్యలో రెండు వారాలు ఆగాలి. లేకపోతే రంగు కలవదు, సరిగా అంటుకోదు కూడా. సందుకు క్లిప్పులో అలైనర్లో (పళ్ళను మెల్లగా జరిపే పారదర్శక తొడుగులు) చాలు, అయితే తరువాత పళ్ళు కదలకుండా పట్టి ఉంచే రిటైనర్ పెట్టుకోకపోతే సందు తిరిగొస్తుంది. ఆ ఓపిక నీకుందో లేదో నీకే తెలియాలి.

ఎడమవైపు ఒక్క పన్ను మాత్రం మిగతావాటికన్నా బూడిదరంగులో ఉంది. చిన్నప్పుడు పడి దెబ్బ తగిలించుకున్నావేమో మీ అమ్మను అడుగు. లోపలి నరం చచ్చిపోయి ఉండవచ్చు, ఎక్స్‌రే తీయకుండా దానిమీద ఏదీ అతికించనివ్వకు. నిద్రలో పళ్ళు కొరుకుతావని కూడా అమ్మే అనేది. అది నిజమైతే వెనీర్లు పగిలే ప్రమాదం ఉంది. డాక్టరుకు తప్పకుండా చెప్పు, రాత్రి పళ్ళకు పెట్టుకునే తొడుగు, నైట్ గార్డు, ఇస్తారు.

ఇవన్నీ చేశాక కూడా వెనీర్లే కావాలనిపిస్తే నేను అడ్డు చెప్పను. పన్ను చెక్కకుండానే తాత్కాలిక పదార్థంతో కొత్త ఆకారాన్ని నీ పళ్ళమీదే చూపించమని అడుగు. వీలైతే దానితోనే ఇంటికి వచ్చి మాట్లాడు, నవ్వు, "స", "వ" పలికి చూడు. ఒప్పుకోకపోతే, లేదా తగ్గింపు ధర ఈ రోజుతో సరి అని తొందరపెడితే, వేరే డాక్టరు దగ్గరకు వెళ్ళు. ఎక్స్‌రే తీయించగానే నాకూ ఒక ప్రతి పంపు, చూసి చెబుతాను.

ఆశీస్సులతో,
పెద్దమ్మ