సముద్రంల కయాకింగ్‌కు పోతున్న మా కోడలికి

బిడ్డా,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి "తమ్మీ, ఇది దోస్తులతోని వైజాగ్ పోతదట, సముద్రంల ఏదో చిన్న పడవ నడుపుతరట, నువ్వన్న వద్దని చెప్పురా" అన్నది. వద్దని నేను చెప్ప. నేవీల ఉన్నప్పుడు ఆ రాళ్ళ ఒడ్డు పొంటి ఎన్ని ఆదివారాలు కయాక్ ఏసుకొని తిరిగిన్నో నాకే లెక్కలేదు, అసొంటి పని వద్దని నేనెట్లంట. కానీ మీరు తొమ్మిది మంది, అండ్ల ఆరుగురు లక్నవరంల బోటెక్కుడు తప్ప నీళ్ళల్ల దిగనోళ్ళు, ఫోన్ల చెప్తే సగం మర్చిపోతవు, అందుకే రాస్తాన, మీ గ్రూపుల అందరికి పంపు.

దసరా సెలవులల్ల పోదామనుకొని సంక్రాంతి తర్వాతకు జరుపుకున్నరట, మంచిపని చేసిన్రు. అక్టోబర్, నవంబర్ బంగాళాఖాతంల తుఫాన్ల కాలం, 2014ల హుద్‌హుద్ వైజాగ్ మీద పడ్డది అక్టోబర్ 12నే. జనవరిల పొద్దటిపూట సముద్రం జర నెమ్మదిగుంటది. అయితే శుక్రవారం రాత్రి గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి శనివారం పొద్దుగాల దిగి సీదా బీచ్‌కే పోదామని ప్లాన్‌ల రాసుకున్నరే, అది మాత్రం మార్చుర్రి. రాత్రంతా రైల్ల నిద్రలేనోళ్ళకు చేతుల కంటె ముందు బుర్ర అలిసిపోతది. శనివారం పండుకోర్రి, సాయంత్రం ఒడ్డు కాడనే నడుముల్లోతు నీళ్ళల్ల ప్రాక్టీస్ చెయ్యిర్రి, ఆదివారం తెల్లారంగనే పోర్రి.

మన లక్నవరం, పాకాల కాకతీయులు గుట్టల నడిమిట్ల కట్ట పోసి ఆపిన నీళ్ళు, తెడ్డు ఆపితే పడవ దాదాపు ఉన్నకాడ్నే ఉంటది. సముద్రంల నువ్వు తెడ్డు ఆపినా నువ్వు పోతనే ఉంటవు, ఎటు పోతానవో నీకు తెల్వది, అందుకే ఒడ్డు మీద ఒక చెట్టో గుడో గుర్తు పెట్టుకొని దాన్ని చూస్కుంట ఉండాలె. గాలి సంగతి ఇంకా ముఖ్యం. తెల్లారగట్ల గాలి భూమి దిక్కు నుంచి సముద్రం దిక్కు కొడతది, ఒడ్డు కాడ నీళ్ళు అద్దం లెక్క కనపడతయి, కొత్తోళ్ళు మోసపోయేది గక్కడ్నే, ఎందుకంటే అదే గాలి నిన్ను మెల్లగ లోపలికి తోల్తాంటది, దూరం పోయినంక గాని అలలు పెద్దగైనయని తెల్వది. కొంచెం ఎండెక్కినంక భూమి వేడెక్కి గాలి తిరుగుతది, సముద్రం నుంచి ఒడ్డు దిక్కు కొడతది, అప్పుడు రాళ్ళ దిక్కు తోల్తది. ఈ రెండిటి నడుమనే మీ పని అయిపోవాలె, ఆరున్నర ఏడుకు దిగి పదిన్నర లోపట ఒడ్డు మీద ఉండాలె.

రుషికొండ నుంచి భీమిలి దాక పోతమంటున్నరట. అది 15 కిలోమీటర్ల దగ్గర ఉంటది, కొత్త గ్రూపు గంటకు మూడు నాలుగు కిలోమీటర్లు పోతే గొప్ప, ఎదురుగాలి తాకితే అండ్ల సగం. భీమిలి కాడ గోస్తని సముద్రంల కలుస్తది, ఏటి నీళ్ళు బయటికి వచ్చుడు, అలలు లోపలికి వచ్చుడు, రెండు కొట్లాడి అలలు నిలువుగ లేస్తయి, అలసిపోయి వచ్చినోళ్ళు దిగే జాగ కాదది. మంగమారిపేట దిక్కు ఓపికున్నంత పోయి మళ్ళి రార్రి. అక్కడ ఒడ్డున సముద్రం తొలిచిన రాతి తోరణం ఉంటది, మన వరంగల్ ఖిల తోరణం శిల్పులు చెక్కితే దాన్ని అలలు చెక్కినయి, ఒడ్డు మీద దిగి నడిచిపోయి చూడుర్రి, పడవలకెల్లి దాని దగ్గరికి పోకుర్రి. ఇటు డాల్ఫిన్ నోస్ దిక్కు అసలే వద్దు, ఓడలొచ్చే దారి, నేవీ జాగ.

రాళ్ళ గురించి జర నిదానంగ చదువు. అల వచ్చి రాతికి కొట్టి ఊకోదు, తిరిగి ఎన్కకు వస్తది, వచ్చే అల తిరిగొచ్చే అల కలిసిన కాడ నీళ్ళు ఉడుకుతున్నట్టే ఎగురుతయి, తెడ్డుకు పట్టు దొరకది. నీళ్ళ కింద మునిగిన రాళ్ళు ఇంకా మోసం చేస్తయి, పదిహేను అలలు చప్పుడు లేకుండ వాటి మీదికెల్లి పోతయి, పదహారోది పెద్దదొస్తది, ఒక్కసారే తెల్లగ పగులుతది. అందుకే దిగేముందు పావుగంట ఒడ్డు మీద కూసొని చూడుర్రి, ఫోన్లు పక్కకు పెట్టి చూడుర్రి, ఎక్కడెక్కడ తెల్లగ పగులుతాందో గుర్తు పెట్టుకోర్రి. మంగమారిపేటల జాలర్లుంటరు, వాళ్ళను అడుగు, "అన్నా, ఇయ్యాల నీళ్ళెట్లున్నయి, రాళ్ళెక్కడున్నయి, వలలెక్కడేసిన్రు" అని. వాళ్ళు వద్దంటే అది ఆఖరి మాట.

ముందురోజు రాత్రి ఇన్‌కాయిస్ అని సముద్రం సంగతి చెప్పే సర్కారు సంస్థ ఉంటది, దాని సూచన కూడా చూడుర్రి. అది మన హైదరాబాద్‌లనే ఉంటది, సునామీ హెచ్చరికలిచ్చేది గూడ వాళ్ళే, అల ఎత్తెంత, గాలెంత, అల అలకు మధ్య ఎన్ని సెకండ్లు అని చెప్తరు. ఎత్తు మీటరు దాటితే మీ గ్రూపుకు కాదు. ఎత్తు తక్కువే ఉన్నా సెకండ్లు పన్నెండు పద్నాలుగు ఉన్నయంటే అది ఎక్కడో దూరంకెల్లి వచ్చే బలమైన అల, లోపల కనపడది గాని రాళ్ళ కాడ గట్టిగ లేస్తది.

ఇగ అన్నిటికంటె పెద్ద మాట. ఒకసారి ఎనిమిది మందిమి పోయినం, ముందున్నది నేనే. ఇద్దరు గట్టి పిలగాండ్లు ఉషారుగ రాతి ముక్కు దాటి పోయిన్రు, వాళ్ళను ఆపుదామని నేను ఎమ్మటి పోయిన, ఎన్కటోళ్ళు కనపడకుండ పోయిన్రు. ఇంతల గాలి తిరిగింది. ఎన్కున్న ఒకామెకు భుజం పట్టేసింది, తెడ్డెయ్యలేక రాళ్ళ దిక్కు కొట్టుకపోతాంది, పక్కనున్న పిలగాడు తన పడవను ఆమె పడవకు ఆనిచ్చి గట్టిగ పట్టుకొని విజిల్ మూడుసార్లు ఊదిండు. గాలికి నాకు వినపడలే. నడిమిట్లున్నాయన విని తెడ్డు పైకెత్తి ఊపితే అది కనపడి ఎన్కకు మర్రిన, తాడు కట్టి గుంజుకొచ్చినం. ఆమెకు ఏం కాలే. కానీ ముందటోళ్ళ ఎమ్మటి ఉరికి ఎన్కటోళ్ళను ఇడిసిపెట్టింది నేను, ఆ తప్పు నాదే, ఇప్పటికి నిద్రల యాదికొస్తది.

ఆ తర్వాత నేను మార్చుకున్నదే మీరు చెయ్యిర్రి. మీలో అందరికంటె మెల్లగ నడిపేటోళ్ళెవరో శనివారమే తెలుస్తది, వాళ్ళు లీడర్ ఎన్కనే ఉండాలె, వాళ్ళ స్పీడే అందరి స్పీడు, గట్టోళ్ళు ఆఖర్ల ఉండాలె. లీడర్‌ను ఎవ్వరు దాటొద్దు. ఇద్దరిద్దరు జోడి, ఒకరు బేసి మిగులుతరు కాబట్టి ఒక జోడి ముగ్గురిది, పిలిస్తే పలికేంత దూరంల ఉండాలె, పావుగంటకోసారి తలకాయలు లెక్కపెట్టాలె. తెడ్డు నిలువుగ లేపితే నా దగ్గరికి రా, అడ్డంగ లేపితే ఆగు, అటిటు ఊపితే ఆపద, విజిల్ ఒకసారైతే ఇటు చూడు, మూడుసార్లైతే సాయం, ఇవి ఒడ్డు మీద అందరితోని చేయించి చూడు. ఎవరన్న ఒక్కరు "నాతోని కాదు, మళ్ళుదాం" అంటే తొమ్మిది మంది మళ్ళాలె, ఎందుకని అడగొద్దు, ఇంటికొచ్చినంక గూడ ఎక్కిరియ్యొద్దు. ఇది బీచ్ కాడనే అందరితోని ఒప్పించు, నీళ్ళల్లకు పోయినంక ఒప్పుకునుడు కష్టం, పైసలు కట్టినం కదా అనే మాట వస్తది.

పడవ బోర్లా పడితే భయపడకుర్రి, పడుడు మామూలే. పడవను, తెడ్డును ఇడువొద్దు, ఒడ్డుకు ఈత కొడ్తమని పోవద్దు. జోడి దగ్గరికొచ్చి, పడ్డ పడవ ముక్కును తన పడవ మీదికి అడ్డంగ గుంజి నీళ్ళు ఒంపి, తిప్పి పక్కన పెట్టుకొని రెండు చేతులతోని పట్టుకుంటది, పడ్డోళ్ళు ఒక కాలు లోపలికేసి పొట్ట మీద పాకి ఎక్కాలె. లోపలికి నీళ్ళు పోకుండ మూసి, పైన కూసొని నడిపే పడవలైతే నీళ్ళు ఒంపే పని లేదు, తిప్పి ఎక్కుడే. శనివారం ప్రతి ఒక్కరు ఒకసారి పడి ఎక్కాలె, ఎక్కనోళ్ళను ఆదివారం తీస్కపోకు. ఒడ్డుకు వచ్చేటప్పుడు ఒక్కొక్కరే రార్రి, దిగినంక పడవకు, ఒడ్డుకు నడుమ నిలబడొద్దు, నీళ్ళు నిండిన పడవ వందల కిలోలుంటది, చిన్న అల తోసినా మోకాలు ఇరగ్గొడతది.

లైఫ్ జాకెట్ భుజాల కాడ పట్టి పైకి గుంజితే చెవుల దాక రావొద్దు, వస్తే వదులని లెక్క. జీన్స్ వద్దు, తొందరగ ఆరే ఫుల్ హ్యాండ్స్, తాడున్న టోపి, పట్టీలున్న చెప్పులు. ఫోన్ నీళ్ళు పోని కవర్ల ఒంటి మీదనే ఉండాలె, పడవల కాదు, అండ్ల కోస్ట్ గార్డ్ నంబర్ 1554 ముందే ఫీడ్ చేస్కోర్రి. నీళ్ళు మనిషికి మూడు లీటర్లు. మీ అమ్మ సకినాలు కట్టిస్తది, అవి తిరిగొచ్చినంక తినుర్రి, పొద్దుగాల ఇడ్లీ, అరటిపండు చాలు. తెడ్డు చేతులతోని కాదు నడుము తిప్పి ఎయ్యి, పిడికిలి గట్టిగ పట్టకు, గంటలనే అరచేతులు పొంగుతయి.

శుక్రవారం రాత్రి వరంగల్ స్టేషన్ కాడికి నేను వస్త. నా దగ్గర తొమ్మిది విజిల్లున్నయి, పదిహేను మీటర్ల తేలే తాడున్నది, అవి నీకిచ్చి, ఆ తాడు ముడి ఎట్లెయ్యాల్నో ప్లాట్‌ఫారం మీదనే చూపిస్త, అరగంట ముందు రా.

మీ మామ,
హన్మకొండ