టొరెంటులో సినిమా, పోస్టుపెట్టెలో ఉత్తరం

సందేహం: జర్మనీకి చదువుకోడానికి వస్తున్నాం. అక్కడ టొరెంటు వాడితే వందల యూరోలు కట్టమని ఉత్తరం వస్తుందంటున్నారు. నిజమేనా, సీనియర్లు ఊరికే భయపెడుతున్నారా?

నిజమే. ఆ ఉత్తరాన్ని ఇక్కడ అబ్‌మానుంగ్, అంటే లాయరు పంపే హెచ్చరిక నోటీసు, అంటారు.

మన దగ్గర పైరసీని దొంగతనమని అనుకునేవాళ్లు తక్కువ. 2025 నవంబరులో ఐబొమ్మ కేసులో హైదరాబాద్ పోలీసులు అరెస్టు చేసినప్పుడు, టికెట్ల ధరలు ఎత్తి చూపి నిందితుణ్ణే వెనకేసుకొచ్చినవాళ్లు బోలెడుమంది. చట్టం లేక కాదు. 2023 సవరణ ప్రకారం థియేటర్లో దొంగచాటుగా సినిమా రికార్డు చేసినవాడికి మూడేళ్ల దాకా జైలు. కానీ ఇంట్లో కూర్చుని చూసినవాడి గడప ఎవరూ తొక్కరు. అలాగని జర్మన్లు మనకంటే నీతిమంతులనుకోకండి. కాపీరైటు సడలించాలన్న పైరేట్ పార్టీకి 2011 బెర్లిన్ ఎన్నికల్లో 8.9 శాతం ఓట్లు, 15 సీట్లు వచ్చాయి. తేడా జనం మనసుల్లో కన్నా ఉత్తరాలు పంపే పద్ధతిలో ఉంది.

ఎలా పట్టుకుంటారంటే, టొరెంటులో మీరు దించుకుంటున్న ముక్కల్ని అదే సమయంలో ఇతరులకు పంచుతుంటారు. అసలు కేసు ఈ పంచడం మీదే. హక్కుదారులు పెట్టుకున్న సంస్థ ఆ ఫైలు పంచుకునేవాళ్ల గుంపులో తానూ చేరి మీ ఐపీ అడ్రసు, సమయం రాసుకుంటుంది. ఆ ఐపీ ఎవరిదో చెప్పమని కోర్టు అనుమతితో ఇంటర్నెట్ కంపెనీని అడుగుతారు. కొన్ని వారాలకో నెలలకో లాయరు ఉత్తరం దిగుతుంది. తెలుగు సినిమాని ఎవరు పట్టించుకుంటారులే అన్న ధీమా వద్దు. ఫైలు మీద నిఘా పెట్టించాలా వద్దా అన్నది హక్కుదారు ఇష్టం.

కొత్తగా వచ్చినవాళ్లు తెలియక చిక్కుకునేది ఒకచోట ఉంది. ఇండియాలో దించిన సినిమా లాప్‌టాప్‌లో ఉంటుంది, టొరెంటు సాఫ్ట్‌వేరు కంప్యూటరు ఆన్ కాగానే తానే మొదలవుతుంది. ఇక్కడి వైఫైకి తగలగానే మీరు వేలు కదపకుండానే ఆ ఫైలు లోకానికి పంచుతుంది. విమానం ఎక్కేముందే ఆ సాఫ్ట్‌వేరును పూర్తిగా తీసేయండి. పైకి స్ట్రీమింగులా కనబడుతూ లోపల టొరెంటుతో నడిచే పాప్‌కార్న్ టైమ్ లాంటి యాప్‌లూ అంతే. మామూలు దొంగ స్ట్రీమింగులో మీరు ఇతరులకు పంచరు కాబట్టి ఉత్తరాలు అరుదు. అయినా దొంగదని తెలిసి చూడటం తప్పేనని 2017లో ఐరోపా న్యాయస్థానం తేల్చింది.

ఉత్తరం వస్తే ముందు అది అసలుదేనా చూడండి. జిప్ ఫైలు తగిలించిన ఈమెయిలైతే మోసమే అనుకోండి, తెరవొద్దు. కాగితం మీద సినిమా పేరు, తేదీ, గడియారం సమయం, ఐపీ, గడువు ఉంటే పక్కన పడేయొద్దు. గడువు సాధారణంగా వారం, రెండు వారాలే. వెంట ఒక హామీపత్రం ఉంటుంది, ఇకపై ఇలా చేయనని. దాన్ని ఉన్నదున్నట్టు సంతకం చేయడమే అందరూ చేసే పొరపాటు. అందులో తప్పు ఒప్పుకోలు, డబ్బు కడతానన్న మాట, మళ్లీ జరిగితే వేల యూరోల జరిమానా కలిసి ఉండొచ్చు, పైగా అది ఎన్నేళ్లయినా మిమ్మల్ని వదలదు. అవసరమైన చోట ఆ ఒక్క సినిమాకే పరిమితం చేసి, బాధ్యత ఒప్పుకోకుండా, జరిమానా మొత్తం ముందే రాయకుండా మార్చిన పత్రం పంపుతారు. అసలేమీ పంపకపోతే కోర్టు నుంచి తాత్కాలిక ఉత్తర్వు తెచ్చుకోగలరు, ఆ ఖర్చు మీ నెత్తిన పడొచ్చు.

మార్చిన పత్రం మీరే రాయకండి, వినియోగదారుల సలహా కేంద్రానికి, అంటే ఫెర్‌బ్రౌఖర్‌జెంట్రాలేకి వెళ్లండి. ఆదాయం తక్కువైతే స్థానిక కోర్టులో, అంటే ఆమ్ట్స్‌గెరిష్ట్‌లో, బెరాటుంగ్స్‌హిల్ఫెషైన్, అంటే తక్కువ ఖర్చుతో లాయరు సలహా పొందే పత్రం, అడగండి. అది దొరికితే లాయరు సలహాకు మీరిచ్చేది 15 యూరోలు. అడిగిన సొమ్ము వెంటనే కట్టేయకండి. మొదటిసారి దొరికిన మామూలు మనిషి దగ్గర, హామీ అడిగినందుకు లాయరు ఫీజును, ఆ వ్యవహారం విలువ 1,000 యూరోలే అనుకుని లెక్కకట్టాలని 2013 నుంచి చట్టం. నష్టపరిహారానికి ఆ హద్దు లేదు, బేరమంతా అక్కడే.

నలుగురు కలిసి ఉండే ఇంట్లో ఉత్తరం ఇంటర్నెట్ ఎవరి పేరున ఉందో వాళ్లకే వస్తుంది. పెద్దవాళ్లైన రూమ్మేట్లకు ముందే హెచ్చరిక చెప్పి తీరాలన్న నియమం లేదని 2016లో జర్మనీ సుప్రీంకోర్టు అంది. కానీ "నేను కాదు" అంటే చాలదు, ఆ సమయంలో ఇంకెవరెవరు ఆ వైఫై వాడగలిగారో చెప్పగలగాలి. అబద్ధమాడితే అక్కడే దొరికిపోతారు.

లాయరు ఉత్తరం తర్వాత కోర్టు నుంచి పసుపు కవరు వస్తే అది వేరే సంగతి. దాని పేరు మాన్‌బెషైడ్, అంటే డబ్బు కట్టమనే కోర్టు నోటీసు. పోస్టుమ్యాను కవరు మీదే తేదీ వేస్తాడు. ఆ తేదీ నుంచి రెండు వారాల్లో లోపలి ఫారంలో అభ్యంతరం గడికి టిక్కు పెట్టి, సంతకంతో తిరిగి పంపాలి. కోర్టు మీ వాదనలోని బాగోగులు ఆ దశలో చూడదు. పంపకపోతే మాత్రం జీతం, బ్యాంకు ఖాతా జప్తు చేసే దాకా వెళ్లొచ్చు. కవరుని చింపి పారేయకండి, తేదీకి అదే సాక్ష్యం.

ఇక స్విట్జర్లాండులో సొంత వాడకానికి సినిమా దించుకోవడం చట్టబద్ధమే, పంచడం మాత్రం కాదు. టొరెంటు పంచుతుంది కాబట్టి అక్కడి స్నేహితుల మాట పట్టుకుని, సరిహద్దుకు ఇవతల జర్మనీ ఊరైన కోన్‌స్టాంజ్‌లో కూర్చుని మొదలుపెట్టొద్దు.