బరువైన కెమెరా ఇంట్లోనే ఉండిపోతుంటే
మీ ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) కెమెరాను, 24-70 జూమ్ లెన్సును మోయలేక ప్రయాణాల్లో ఫొటోలే తీయడం లేదన్నారు. చిన్న కెమెరాతో నాణ్యత పోతుందేమోనన్నది మీ సందేహం. ఆ బెంగ వద్దు. రికో జీఆర్ 3 బ్యాటరీ, కార్డుతో కలిపి 257 గ్రాములే, సెన్సర్ మాత్రం పెద్దదే: ఏపీఎస్-సీ, అంటే ఫుల్ ఫ్రేమ్ తర్వాతి సైజు. అయితే వ్యూఫైండర్ లేదు, ఎండలో తెర సరిగా కనిపించదు. కంటికి ఆనించి తీసే అలవాటుంటే ఫుజిఫిల్మ్ ఎక్స్100వి మేలు. లెన్సులోనే ఉండే దాని లీఫ్ షట్టర్ చప్పుడు వినీ వినిపించనట్టు ఉంటుంది, ఎదుటివారు బిగుసుకుపోరు. నాకు అన్నిటికన్నా నచ్చిన గుణం అదే.

రెండింటికీ జూమ్ లేదు, లెన్సు మార్చలేం, కాబట్టి పక్షులకు, ఆటలకు ఇవి పనికిరావు. కొనేముందు మీ పాత ఫొటోల్లో ఏ ఫోకల్ లెంగ్త్ (లెన్సు ఎంత వెడల్పుగా లేదా దగ్గరగా చూపుతుందో చెప్పే మి.మీ. అంకె) ఎక్కువగా వాడారో చూడండి. రికో లెన్సు 28కి, ఫుజి లెన్సు 35కి సమానం, కాబట్టి 28 దగ్గరైతే రికో, 35 దగ్గరైతే ఫుజి. ఎక్కువ భాగం 70 వైపే ఉంటే మాత్రం కొత్త కెమెరా వద్దు, ఉన్నదానికే తేలికైన 85 లెన్సు తీసుకోండి.