తాతల నాటి షేవింగ్ బ్రష్: పిడి దాచుకోండి, కుచ్చు సంగతి ముందు తేల్చుకోండి

చిత్తూరు నుంచి వచ్చిన ప్రశ్న ఇది: తాతగారి షేవింగ్ బ్రష్ ట్రంకు పెట్టెలో దొరికింది. పిడి తేనె రంగులో ఉంది, వెంట్రుకలు రాలుతున్నాయి, కుదుళ్ల దగ్గర తెల్లటి పొర పేరుకుంది, ముక్కవాసన వస్తోంది. ఇంట్లోనే బాగుచేసి వాడుకోవచ్చా? పిడి పనికిరాకపోతే ఎర్రచందనంతో కొత్తది చేయించుకోవచ్చా?

బాగుచేసుకోవచ్చు. కానీ నీళ్లలో ముంచే ముందే ఆ బ్రష్ ఏ కాలానిది, కుచ్చు ఏ వెంట్రుకది అన్నది చూడాలి. ఈ మాట గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలోనూ, ఆ తర్వాత కొన్నేళ్లూ, అంటే 1915 నుంచి 1924 దాకా, శుద్ధి చేయని గుర్రపు వెంట్రుకలతో తయారైన షేవింగ్ బ్రష్‌ల వల్ల అమెరికాలో, బ్రిటన్‌లో ఎందరికో ఆంత్రాక్స్ సోకింది. మన పల్లెల్లో పశువులకు, గొర్రెలకు వచ్చే దొమ్మ రోగం అదే. బ్రిటన్ 1920లో జపాన్ బ్రష్‌ల దిగుమతినే ఆపేసింది. ఆ సూక్ష్మజీవి బీజాలు వెంట్రుకల్లో దశాబ్దాల పాటు బతికి ఉండగలవు. వెనిగర్, వెలిగారం, షాంపూ వాటిని ఏమీ చేయలేవు. కాసేపు మరిగించినా చస్తాయన్న భరోసా లేదు. 2017లో అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ శాస్త్రవేత్తలు ఈ పాత కేసులను మళ్లీ పరిశీలించి, ఇప్పటి కొత్త బ్రష్‌లతో భయం లేదని, శుద్ధి చేయని పాతకాలపు వెంట్రుకల బ్రష్‌లతో ప్రమాదం చాలా తక్కువే అయినా లేకపోలేదని చెప్పారు. రోజూ బ్లేడు గాట్లు పడే చర్మం మీద రుద్దే వస్తువు కాబట్టి నా లెక్క ఇలా ఉంటుంది: 1930కి ముందుది అయినా, ఎప్పటిదో చెప్పేవాళ్లు లేకపోయినా, పాత సామాన్ల అంగట్లో కొన్నదైనా ఆ కుచ్చు వాడకండి, పిడి మాత్రం ఉంచుకోండి. తాతగారు 1960లలోనో 70లలోనో కొన్నారని ఇంట్లో పెద్దవాళ్లకు గట్టిగా తెలిస్తే కడిగి చూడొచ్చు.

కడగడం చిన్న పనే. ఆ తెల్లటి పొర బూజు అనుకుంటారు గానీ చాలాసార్లు అది సబ్బు తెట్టు. బోరు నీళ్లలోని కాల్షియం సబ్బుతో కలిసి, నీళ్లలో కరగని పొరగా మారి వెంట్రుకల మొదట్లో పేరుకుంటుంది. వట్టి నీళ్లతో ఎంత కడిగినా పోదు, దానికి పులుపు కావాలి. ముందు లీటరు గోరువెచ్చని నీళ్లలో నాలుగు చుక్కలు గిన్నెల సబ్బు వేసి, కుచ్చు మాత్రమే మునిగేలా పది నిమిషాలు ఉంచి, వేళ్లతో మెల్లగా పిసికి కడగండి. తర్వాత ఒక వంతు వెనిగర్‌కు పది వంతుల నీళ్లు, లేదా లీటరు నీళ్లకు ఒక చెంచా నిమ్మ ఉప్పు కలిపి ఐదు నిమిషాలు ముంచండి. పొర మెత్తబడుతుంది. మళ్లీ సబ్బు నీళ్లు, ఆపైన మంచినీళ్లు. చివరి కడుగుకు బోరు నీళ్లు వాడితే చేసిన పనంతా వృథా, వాన నీళ్లో ఫిల్టర్ నీళ్లో వాడండి. పిడి, కుచ్చు కలిసే చోట నీళ్లు నిలవనివ్వకండి. వేడి నీళ్లు అసలే వద్దు: పాత జిగురు మెత్తబడుతుంది, వెంట్రుక పెళుసుబారుతుంది. బ్లీచింగ్ ద్రావణం వెంట్రుకను కరిగించేస్తుంది.

ఆరబెట్టేటప్పుడు గాలి ఆడాలి, ఎండ తగలకూడదు. మే నెల తిరుపతి ఎండలో పెడితే పిడి బీటలు వారొచ్చు. నవంబరు వానల్లో అయితే రెండు రోజులైనా కుచ్చు మధ్యలో తడి మిగిలే ఉంటుంది, అందుకని ఫ్యాను కింద ఉంచండి. తలకిందులుగా వేలాడదీయాలా, నిలబెట్టాలా అన్న వాదనకు నేను పెద్ద విలువ ఇవ్వను. గాలి ఆడని డబ్బాలో పెట్టకపోతే చాలు.

ఆరాక రాలిన వెంట్రుకలను తెల్ల కాగితం మీద పరిచి చూడండి. పొడవుగా ఉండి, ఒక కొసకు జిగురు అంటి ఉంటే జిగురు వదిలిందని అర్థం. పొట్టిగా, తెగిన చోట చీలికలుగా ఉంటే వెంట్రుకే పాడైంది. మొదటి రకంలో కుచ్చు మొత్తం ఒకే ముద్దగా కదులుతుంటే అదృష్టమే, బయటికి లాగి, శుభ్రం చేసి మళ్లీ అతికించవచ్చు. మధ్యలోంచి గుత్తులుగా ఊడుతున్నా, వెంట్రుకలు విరుగుతున్నా ఇక దానికి మందు లేదు, కుచ్చు మార్చాల్సిందే. మీరు రాసినదాన్ని బట్టి మీ బ్రష్‌కు ఇదే పని పడేలా ఉంది.

దానికి ముందు పిడి దేనితో చేశారో తెలుసుకోండి, ఎందుకంటే ఒకదానికి పనికొచ్చేది ఇంకొకదాన్ని పాడుచేస్తుంది. బొటనవేలితో వేడెక్కేదాకా రుద్ది వాసన చూడండి. కార్బాలిక్ సబ్బు లాంటి ఘాటు వస్తే కేటలిన్ లేదా బేకలైట్, పాతకాలపు గట్టి ప్లాస్టిక్‌లు. కర్పూరం వాసన వస్తే సెల్యులాయిడ్, అదీ పాత ప్లాస్టిక్కే. కాల్చిన సూది గుచ్చి చూడమని కొందరు చెబుతారు, ఆ పని చేయకండి, సెల్యులాయిడ్ భగ్గున మండుతుంది. కొమ్ములా కనిపిస్తూ ఎక్కువసేపు తడిస్తే ఉబ్బేది కేసీన్, పాల నుంచి తీసిన ప్లాస్టిక్. గోళ్ల రంగు తుడిచే ద్రవం ఏ పాత పిడికీ తగలనివ్వకండి, సెల్యులాయిడ్ అయితే కరిగిపోతుంది. ఏనుగు దంతపు పిడి అయితే దాన్ని అమ్మడం, కొనడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం.

ఇక కుచ్చు తీయడం. అసలు ఓపిక పట్టాల్సింది ఇక్కడే. చేతులకు గ్లౌజులు, ముఖానికి ఎన్95 మాస్కు వేసుకుని, వెంట్రుకలను నీళ్లతో బాగా తడిపి, పిడి అంచు దాకా కత్తిరించండి. తడిపేది దుమ్ము లేవకుండా. కత్తిరించింది వెంటనే ప్లాస్టిక్ కవర్లో కట్టేయండి. లోపల మిగిలిన గట్టి ముద్ద నడుమ 3 మి.మీ. బిట్‌తో ఒక చిల్లు, దాని చుట్టూ మరికొన్ని చిల్లులు వేస్తే ముద్ద గుల్లబారుతుంది, సన్న ఉలితో ముక్కలుగా లాగేయవచ్చు. డ్రిల్లు నెమ్మదిగా తిరగాలి, వేడెక్కితే ఆపాలి. పిడిని వైస్‌లో నేరుగా బిగిస్తే కేటలిన్ గాజులా పెచ్చులూడుతుంది, సైకిల్ ట్యూబు ముక్క చుట్టి చేత్తోనే పట్టుకోండి. ముద్ద చుట్టూ ఉన్న గోడ కనీసం 2 మి.మీ. మందం మిగలాలి. గుంత ఇంకా పెద్దది చేద్దామన్న ఆశతోనే ఎక్కువ పిడులు పగులుతాయి. పాత నల్ల బేకలైట్‌లో ఆస్బెస్టాస్ కలిసి ఉండొచ్చు, దాన్ని ఎప్పుడూ పొడిగా గీకకండి.

గుంత శుభ్రమయ్యాక వెర్నియర్‌తో వెడల్పు, లోతు కొలవండి. కొత్త కుచ్చు అడుగు గుంతకంటే అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు దాకా సన్నగా ఉండాలి. విడి కుచ్చులు 20 నుంచి 26 మి.మీ. వరకు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. మొదటిసారి చేసేవాళ్లకు సింథటిక్ మంచిది: త్వరగా ఆరుతుంది, వాసన ఉండదు, బోరు నీళ్లనూ తట్టుకుంటుంది. పంది వెంట్రుకది మొదట గరుకుగా, వాసనగా ఉండి, వాడేకొద్దీ కొసలు చీలి మెత్తబడుతుంది.

పిడి పైన కుచ్చు ఎంత ఎత్తు నిలవాలన్నదే బ్రష్ స్వభావాన్ని నిర్ణయిస్తుంది. 22 మి.మీ. సింథటిక్ కుచ్చుకు 50 మి.మీ. దగ్గర బాగుంటుంది. పంది వెంట్రుకకు 55 దాకా పోవచ్చు. ఎత్తు ఎక్కువైతే వాలిపోతుంది, తక్కువైతే మొండిగా గుచ్చుకుంటుంది. కుచ్చు అడుగున ఉన్న గట్టి జిగురు భాగం పిడి అంచుతో సమానంగా రావాలి. అంతకంటే లోతుకు దిగితే వెంట్రుకలు గుంతలో నలిగి, నీళ్లు పట్టి, అక్కడే కుళ్లుతాయి. గుంత లోతు ఎక్కువైతే అడుగున ఎం-సీల్ ముద్ద పెట్టి ఎత్తు సరిచేయండి. జిగురు పెట్టకుండా ఒకసారి అమర్చి, స్కేలుతో కొలిచి, ఆ తర్వాతే అతికించండి.

పిడికి మెరుగు పెట్టడం కూడా అతికించే ముందే అయిపోవాలి. కేటలిన్ మీద ఆ తేనె రంగు ఏళ్ల తరబడి గాలి, వెలుతురు తగిలి ఏర్పడిన పై పొర. 400 నంబరు వాటర్ పేపరుతో తడిగా రుద్దితే కింద అసలు తెలుపు బయటపడుతుంది, కానీ పోయిన తేనె రంగు మళ్లీ రావాలంటే ఏళ్లు పడుతుంది. ఆ రంగే నచ్చితే 2000 పేపరుతో పైపైన రుద్ది, బ్రాసోతో తుడిచి వదిలేయండి. నా ఓటు దీనికే, తాతగారి చేతిలో పండిన రంగు కదా. తెలుపే కావాలంటే 400, 800, 1200, 2000 వరుస తప్పకుండా పోవాలి. ఒకటి వదిలేస్తే దాని గీతలు మెరుగులో కనిపిస్తాయి. కంపెనీ పేరు చెక్కి ఉన్న చోట టేపు అంటించండి.

జిగురుకు నెమ్మదిగా గట్టిపడే మామూలు అరాల్డైట్, రెండు గొట్టాలదీ సమపాళ్లలో. ఐదు నిమిషాల్లో గట్టిపడే రకం తడిని అంతగా తట్టుకోదు. ఫెవికాల్ నీళ్లకు వదులుతుంది. ఫెవిక్విక్ వెంట్రుకల్లోకి పాకి వాటిని పుల్లల్లా చేస్తుంది. గుంత గోడకు పలచగా పూయండి, ఎక్కువైతే కుచ్చు దించగానే పైకి ఉబికి వెంట్రుకలకు అంటుకుంటుంది. కుచ్చుకు రబ్బరు బ్యాండు వేసి, తిప్పుతూ దించి, రెండు పక్కల నుంచి నిటారుగా ఉందో లేదో చూసి, 24 గంటలు కదపకండి, తడపకండి.

ఎర్రచందనం సంగతి. శేషాచలం పక్కన ఉన్నాం కాబట్టి ఈ ఆలోచన రావడం సహజమే. అయితే అటవీశాఖ అనుమతి కాగితాలు లేని ముక్క ఎంత చిన్నదైనా దగ్గర పెట్టుకోకండి, కేసవుతుంది. బాగా ఆరిన టేకు ముక్క చాలు, లేత్ ఉన్న వడ్రంగి ఎవరైనా పాత పిడి చూసి అదే ఆకారం తీస్తారు. 22 మి.మీ. కుచ్చుకు 22.5 నుంచి 23 మి.మీ. వెడల్పు, 12 మి.మీ. లోతు గుంత చెప్పండి. పైన వార్నిష్ వేస్తే చాలదు, గుంత లోపల కూడా అరాల్డైట్ పలచగా పూసి ఆరనివ్వాలి. లోపల చెక్క తడి పీలిస్తే ఉబ్బి, ఆరి, మళ్లీ ఉబ్బి అంచు దగ్గరే చీలుతుంది.