ఊరు తర్వాత చూద్దురుగాని, ముందు ఆ పిక్క చూపించండి

ప్రశ్న: నా వయసు 58. విదేశంలో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయికి రోడ్డు ప్రమాదంలో తొడ ఎముక విరిగితే రెండు ఆపరేషన్లు చేశారు. కబురు తెలియగానే 14 గంటలు విమానంలో కూర్చుని వచ్చాను. వచ్చి 11 రోజులైంది. పొద్దుటి నుంచి రాత్రి దాకా వాడి మంచం పక్కన కుర్చీలోనే ఉంటున్నాను. ఇప్పుడు ప్రమాదం లేదన్నారు, వాకర్ పట్టుకుని నాలుగడుగులు వేస్తున్నాడు. ‘ఇంత దూరం వచ్చావు, ఒక్కరోజు ఊరు చూసి రామ్మా’ అని పోరుతున్నాడు. నర్సులదీ అదే మాట. రోజంతా బస్సులో తిప్పే టూర్ ఒకటి ఉందట. వెళ్లాలని ఉంది గానీ, కొడుకు మంచాన ఉంటే నేను షికార్లు చేయడమేంటని మనసు ఒప్పుకోవట్లేదు. వెళ్లొచ్చా? ఇంకో చిన్న విషయం. ఐదు రోజులుగా ఎడమ కాలి పిక్క నొప్పిగా ఉంది, సాయంత్రానికి కాస్త వాస్తోంది. బీపీకి వాడే ఆమ్లోడిపిన్ వల్లేమో అనుకుంటున్నాను. వెంట తెచ్చుకున్న డైక్లోఫెనాక్ రోజుకు రెండు వేసుకుంటున్నాను. బీపీ మాత్రలు (టెల్మిసార్టాన్, ఆమ్లోడిపిన్) నిండుకుంటున్నాయని రోజు విడిచి రోజు వాడుతున్నాను. పది రోజుల్లో తిరుగు ప్రయాణం. నొప్పికి ఏదైనా మంచి మాత్ర చెప్పగలరు.
– ఓ పాఠకురాలు

జవాబు: అమ్మా, మీరు ‘చిన్న విషయం’ అని చివర్లో రాసిందే నాకు పెద్ద విషయంగా కనిపించింది. ఊరు చూడటం గురించి తర్వాత చెబుతాను. నొప్పికి మాత్ర మాత్రం చెప్పను. ఇది చదివిన రోజే ఆ కాలు అక్కడి డాక్టర్‌కి చూపించండి. రేపు అనొద్దు, ఇంటికి తిరిగొచ్చాక అసలే అనొద్దు.

14 గంటల విమాన ప్రయాణం, ఆ తర్వాత 11 రోజులు కుర్చీలో కూర్చోవడం, ఇప్పుడు ఒక్క కాలికే పిక్కలో నొప్పి, వాపు. ఈ మూడూ ఒకే ఉత్తరంలో చదివితే ఏ డాక్టర్‌కైనా ముందు తట్టేది కాలి లోపలి సిరలో రక్తం గడ్డ కట్టిందేమోనన్న అనుమానం. దీన్నే డీప్ వెయిన్ థ్రాంబోసిస్ అంటాం, పొట్టిగా డీవీటీ. మీకు అదే ఉందని నేను అనడం లేదు. ఉత్తరం చదివి కాలు పరీక్షించడం ఎవరి వల్లా కాదు. కండరం పట్టేసి ఉండొచ్చు, మోకాలి వెనక నీటి తిత్తి పగిలి ఉండొచ్చు, చర్మానికి ఇన్ఫెక్షన్ అయినా కావచ్చు. కానీ వీటిలో ఏదీ డీవీటీ అంత ప్రమాదకరం కాదు కాబట్టి, ముందు అది లేదని తేల్చుకోవాలి.

నాలుగు గంటలు దాటిన ప్రయాణం తర్వాత ఇలా గడ్డ కట్టే అవకాశం సుమారు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ఇచ్చిన నివేదిక చెబుతోంది. రెట్టింపు అనగానే కంగారు పడకండి. ఆరోగ్యవంతుల్లో అది దాదాపు ఆరు వేల మందిలో ఒకరికి వచ్చేది. అయితే విమానం దిగగానే ఆ ముప్పు పోదు, సుమారు నాలుగు వారాలు వెంట ఉంటుంది. మీరింకా ఆ గడువులోనే ఉన్నారు. పైగా మీరు విమానం సీటు దిగి వార్డు కుర్చీ ఎక్కారు. పిక్క కండరం కదిలితేనే కాలిలోని రక్తం పైకి తోసుకుంటూ వెళుతుంది. కాళ్లు వేలాడేసి గంటల తరబడి కూర్చుంటే ఆ పంపు ఆగిపోయినట్టే.

మీ అబ్బాయికి రోజూ పొట్ట మీద చిన్న ఇంజెక్షన్ ఇస్తున్నారేమో గమనించండి. ఇలాంటి ఆపరేషన్ అయినవాళ్లకు మామూలుగా రక్తం గడ్డ కట్టకుండా ఏదో ఒక మందు ఇస్తారు. అంటే మీ అబ్బాయికి ఏ జబ్బు రాకూడదని అంత జాగ్రత్త పడుతున్నారో, మీ విషయంలో నేను భయపడుతున్నదీ ఆ జబ్బు గురించే. మంచం మీదున్న మనిషిని ఫిజియోథెరపిస్టు వచ్చి మరీ లేపి నడిపిస్తున్నారు. కుర్చీలో ఉన్న మిమ్మల్ని లేపేవాళ్లు లేరు. (అలాగని ఆ ఇంజెక్షన్ మీరూ ఒకటి వేయించుకోవద్దు. అడిగేవాళ్లున్నారు కాబట్టి చెబుతున్నాను. ఆస్పిరిన్ వేసుకుంటే సరిపోతుందనీ అనుకోవద్దు, కట్టిన గడ్డకు అది వైద్యం కాదు.)

ఆమ్లోడిపిన్ మీద అనుమానం మంచిదే, దానితో పాదాలు వాయడం మేం రోజూ చూస్తాం. కానీ ఆ వాపు సాధారణంగా రెండు కాళ్లకూ వస్తుంది, చీలమండల దగ్గర మొదలవుతుంది, పిక్కలో నొప్పి పెట్టదు. ఒక్క కాలు వాచి నొప్పి పుడితే తప్పు మాత్ర మీదకు నెట్టకూడదు.

పాదం పైకి వంచి నొప్పి వస్తుందో లేదో చూసుకునే పరీక్షలు, టేపుతో రెండు పిక్కలూ కొలుచుకునే పరీక్షలు మొబైల్లో బోలెడు దొరుకుతాయి. వాటిని నమ్మి ఊరుకోవద్దు. రెండు పిక్కల మధ్య మూడు సెంటీమీటర్లకు మించి తేడా ఉంటే మేమూ లెక్కలోకి తీసుకుంటాం. తేడా అంతకన్నా తక్కువ ఉన్నంత మాత్రాన గడ్డ లేదని ఎవరం చెప్పం. అది తేల్చేది డాప్లర్ అల్ట్రాసౌండ్ స్కాన్. సూది గుచ్చేది లేదు, నొప్పి ఉండదు. ఒక్కోసారి ముందు డి-డైమర్ అనే రక్త పరీక్ష చేస్తారు. అప్పటిదాకా ఆ పిక్కకు నూనె రాసి మర్దనా చేయకండి, ఎవరితోనూ చేయించుకోకండి.

ఈలోగా ఉన్నట్టుండి ఆయాసం, ఊపిరి పీల్చినప్పుడు ఛాతీలో పోటు, దగ్గుతో రక్తం, కళ్లు తిరిగి పడిపోవడం, గుండె దడ – వీటిలో ఏ ఒక్కటి కనిపించినా గడ్డ ఊపిరితిత్తుల్లోకి చేరిందేమోనని అనుమానించాలి. అపాయింట్‌మెంట్ కోసం చూడొద్దు, నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి. మీరుండేది ఎలాగూ ఆసుపత్రిలోనే.

నాకు కోపం తెప్పించేదీ అదే. చుట్టూ డాక్టర్లు, నర్సులు, స్కానింగ్ యంత్రాలు. వాటి మధ్య కూర్చుని ఐదు రోజులుగా పిక్క నొప్పికి మీ సంచిలో మాత్రలు వెతుక్కున్నారు. మీ ఒక్కరి సంగతే కాదులెండి. పేషెంటుకు తోడుగా వచ్చినవాళ్లు తమ ఒంటి గురించి చెప్పుకోవడం నేరమన్నట్టు ప్రవర్తిస్తారు. కొన్నేళ్ల క్రితం ఒకాయన మూడు వారాలు భార్య మంచం పక్కనే ఉండి, కాలు నొప్పికి బామ్ రాసుకుంటూ గడిపేశాడు. ఆమె డిశ్చార్జి అయిన నాలుగో రోజున ఆయన మెట్లెక్కుతూ ఊపిరాడక కూలబడితే నా దగ్గరికి తెచ్చారు. బతికాడు. ‘ఆవిడకు బాగాలేనప్పుడు నా కాలి గోల ఏంటని చెప్పలేదు’ అన్నాడు. ఆ తర్వాత రెండు నెలలు ఆవిడే ఆయనకు సేవ చేయాల్సి వచ్చింది.

ఖర్చుకు జంకుతున్నారేమో. అబ్బాయి బీమాలో మీకు వైద్యం చేయరు, అది నిజం. మీరు బయల్దేరేటప్పుడు ప్రయాణ బీమా తీసుకుని ఉంటే ఆ కాగితం మీదున్న నంబర్‌కి ముందు ఫోన్ చేయించండి. ఎక్కడికి వెళ్లాలో వాళ్లే చెబుతారు. బీపీ ఉన్న సంగతి దాచొద్దు. బీమా లేకపోయినా వార్డు నర్సును అడగండి, పెద్ద ఆసుపత్రుల్లో ఇలాంటివాటికి దారి చూపే సిబ్బంది ఉంటారు.

డైక్లోఫెనాక్ ఆపేయండి. అది నొప్పిని కప్పేసి మిమ్మల్ని ఐదు రోజులు మభ్యపెట్టింది. అంతకన్నా ముఖ్యంగా, అది బీపీని పెంచుతుంది, టెల్మిసార్టాన్ పనిని తగ్గిస్తుంది, రెండూ కలిసి కిడ్నీల మీద భారం వేస్తాయి. ఒకవేళ డీవీటీ అని తేలి రక్తం పలచబరిచే మందు మొదలుపెడితే, దానికి డైక్లోఫెనాక్ తోడైతే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. డాక్టర్ అడిగితే వేసుకోలేదని చెప్పొద్దు, ఎన్ని వేసుకున్నారో లెక్క చెప్పండి. మరీ భరించలేకపోతే స్కాన్ అయ్యేదాకా పారాసిటమాల్ చాలు, లివర్ సమస్య లేకపోతేనే. కొన్ని దేశాల్లో దాన్నే అసిటమినోఫెన్ అంటారు. జలుబు మాత్రల్లోనూ కలిసి ఉంటుంది కాబట్టి రెండు పేర్లతో ఒకే మందు రెండుసార్లు మింగకండి.

బీపీ మాత్రలు రోజు విడిచి రోజు వేసుకునే పద్ధతి మీకు ఎవరు చెప్పారో తెలియదు. అలాంటి పద్ధతి లేదు. మాత్రలు సగం అవుతున్నాయి, బీపీ మాత్రం సగం అవ్వదు. ఒకవైపు మాత్ర తగ్గించి, మరోవైపు బీపీ పెంచే నొప్పి మాత్ర వేసుకుంటూ, సరిగ్గా నిద్ర లేకుండా ఉన్నారు (రాయలేదు గానీ, ఉండదనే అనుకుంటున్నాను). ఈరోజే వార్డులో ఎవరినైనా అడిగి బీపీ చూపించుకోండి. 180/120 దాటి, దాంతోపాటు విపరీతమైన తలనొప్పి, చూపు మసక, ఛాతీ నొప్పి, ఆయాసం, మాట తడబడటం లాంటివి ఉంటే అది ఎమర్జెన్సీ. లక్షణాలేమీ లేకుండా ఎక్కువగా ఉంటే కాలు చూసే డాక్టర్‌కే అదీ చెప్పండి. మీకు జరిగిన నష్టాన్ని పూడ్చాలని రేపటి నుంచి రెండేసి వేసుకోకండి. మామూలుగా రోజుకు ఎంత వేసుకునేవారో అంతే.

మాత్రలు నిండుకున్నాయంటే అక్కడ దొరకవని కాదు. మన బ్రాండ్ పేరు అక్కడి ఫార్మసిస్టుకు తెలియకపోవచ్చు గానీ టెల్మిసార్టాన్, ఆమ్లోడిపిన్ అన్నవి ఎక్కడికెళ్లినా అవే పేర్లు. స్ట్రిప్పు వెనక వైపు, ఎన్ని మిల్లీగ్రాములో కనిపించేలా ఫొటో తీసి చూపించండి. చాలా దేశాల్లో ఇక్కడి చీటీ చెల్లదు, అక్కడి డాక్టర్ రాయాలి. కాలు చూపించడానికి ఎలాగూ వెళతారుగా.

ఇక మీరు అడిగిన ప్రశ్న. వెళ్లొచ్చు. నిస్సందేహంగా వెళ్లొచ్చు, కాలి సంగతి తేలాక. కానీ ఆ బస్సు టూర్‌కి కాదు. రోజంతా కుర్చీలో కూర్చునే మనిషికి మార్పు కోసం రోజంతా బస్సు సీట్లో కూర్చోమనడం ఏం సలహా? స్కాన్‌లో గడ్డ లేదని తేలితే పూటకొకసారి గంటో రెండు గంటలో బయటికెళ్లి నడవండి. పార్కు, మ్యూజియం, నది ఒడ్డు, ఏదైనా సరే. మధ్యమధ్య కూర్చుని మళ్లీ లేవండి. పగటి వెలుగులో తిరిగితే జెట్‌లాగ్ కూడా తొందరగా వదులుతుంది, రాత్రి నిద్ర కుదురుకుంటుంది. కారు అద్దెకు తీసుకుని మీరే నడపాలనే ఆలోచన ఉంటే మాత్రం మానుకోండి. 17 గంటలు మెలకువగా ఉన్న మనిషి డ్రైవింగ్, కాస్త తాగిన మనిషి డ్రైవింగ్‌లా ఉంటుందని పరిశోధనల్లో తేలింది.

డాక్టర్లు రౌండ్స్‌కి వచ్చి వెళ్లాక బయల్దేరండి. మీ ఫోన్ నంబర్ నర్సుల దగ్గర రాయించండి. మూడో ఆపరేషన్ గురించో డిశ్చార్జి గురించో మాట్లాడతామన్న రోజున వెళ్లొద్దు. అబ్బాయికి జ్వరం వచ్చినా, మాట తేడాగా అనిపించినా, తికమక పడుతున్నా ఆ రోజు అక్కడే ఉండండి. తెలిసిన గొంతు, సొంత భాష వినిపించడం అలాంటప్పుడు మందు లాంటిదే. జనంలో తిరిగొచ్చాక చేతులు సబ్బుతో కడుక్కునే వార్డులోకి వెళ్లాలి. మీకు జలుబు, జ్వరం వస్తే లోపలికెళ్లే ముందు నర్సుకు చెప్పండి. వాంతులు, విరేచనాలైతే అవి తగ్గిన 48 గంటల వరకు అసలు వెళ్లకండి. ఆపరేషన్ గాయాలతో ఉన్నవాళ్ల వార్డు అది.

తప్పేమోనన్న బాధకు నా దగ్గర మందు లేదు. వాడే వెళ్లమంటున్నాడు కదా. రెండు వారాలుగా పైకప్పు చూస్తూ పడుకున్న కుర్రాడికి తన ముఖంలోకే చూస్తూ కూర్చున్న అమ్మ కన్నా, బయటికెళ్లి ఏదో చూసొచ్చి చెప్పే అమ్మ ఉంటే కాస్త పొద్దుపోతుంది. నిద్ర పట్టకపోవడం, ఏడుపు, ఆకలి లేకపోవడం రెండు వారాలు దాటి కొనసాగితే మాత్రం దాన్ని బెంగ అని సరిపెట్టుకోకుండా ఎవరికైనా చూపించుకోవాలి.

తిరుగు ప్రయాణం తేదీ ఇప్పుడే ఖాయం అనుకోకండి. గడ్డ ఉందని తేలితే రక్తం పలచబరిచే మందు సాధారణంగా కనీసం మూడు నెలలు వాడాలి. విమానం ఎప్పుడు ఎక్కవచ్చో చికిత్స చేసే డాక్టరే చెప్పాలి, కొన్నాళ్లు ఆగమనే అవకాశం ఎక్కువ. లేదని తేలితే నడవాకి ఆనుకున్న సీటు అడగండి, గంటకోసారి లేవండి, కూర్చున్నప్పుడూ పాదాలు కిందకీ పైకీ ఆడిస్తూ ఉండండి. ప్రయాణంలో నిద్రమాత్ర వద్దు. మోకాలి దాకా వచ్చే కంప్రెషన్ మేజోళ్లు అవసరమా, ఏ కొలత అన్నది మీ కాలి నాడి చూసి అక్కడి డాక్టరే చెప్పాలి. కాళ్లకు రక్త ప్రసరణ సరిగా లేనివాళ్లు వాటిని వేసుకోకూడదు.

మీ ఉత్తరంలో లేనివి ఇంకొన్ని ఉన్నాయి. గతంలో మీకు గానీ మీ తోడబుట్టినవాళ్లకు గానీ గడ్డ కట్టిన చరిత్ర ఉందా, హార్మోన్ మాత్రలు వాడుతున్నారా, క్యాన్సర్‌కి ఎప్పుడైనా చికిత్స తీసుకున్నారా? ఇవి నాకు రాయనక్కర్లేదు. ఈరోజు కాలు చూసే డాక్టర్‌కి, ఆయన అడగకపోయినా చెప్పండి. మాట్లాడటం కష్టమైతే కాగితం మీద రాయించుకుని తీసుకెళ్లండి. రాసిపెట్టడానికి మీ అబ్బాయి ఉన్నాడు, చేతులకైతే దెబ్బ తగల్లేదుగా.